పటికా, సున్నం - ఒక లెక్క

పిల్లలూ! కృష్ణ ఒడ్డున మా వూరు. వానలు పడి ఏరు పొంగితే నీళ్ళు ఎర్రగా, చిక్కగా పారేవి. ఆ నీళ్ళే తాగాలి, వేరే దారి లేదు. మా నాయనమ్మ బిందె నిండా ఆ ఎర్రనీళ్ళు తెచ్చి దించేది. ఉట్టిమీదనుంచి చిన్న పటికముక్క తీసి, చేత్తో పట్టుకుని నీళ్ళలో నాలుగు చుట్లు తిప్పేది. తరవాత మూత పెట్టి, "పొద్దుటికి తేరుకుంటయ్, ఎవరూ ముట్టకుండ్రి" అనేది.

తెల్లవారి మూత తీస్తే పైన కొబ్బరినీళ్ళలాంటి తేట. అడుగున మెత్తని మడ్డి. పటిక ఏమయిందో నాకు తెలిసేది కాదు. "నాయనమ్మా, పటిక ఏమైంది?" అని అడిగితే, "కరిగిపోయింది" అనేది. ఆ జవాబులో సగమే నిజం. మిగతా సగం తెలుసుకోవటానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అదీ నా అంతట నేను తెలుసుకోలేదు. నేను పాఠం చెబుతున్న ఒక పిల్ల నాకు నేర్పింది. ఆ సంగతి చెప్పేముందు మీకు కొంచెం రసాయనశాస్త్రం తెలియాలి.

అవక్షేపం అంటే ఏమిటి?

ఉప్పు నీళ్ళలో వేస్తే కరుగుతుంది. ఇసుక వేస్తే కరగదు, అడుగున కూచుంటుంది. ఇందులో వింత ఏమీ లేదు. వింత ఎక్కడంటే, కరిగి కంటికి కనపడకుండా ఉన్న రెండు పదార్థాలను కలిపితే, ఒక్కొక్కసారి వాటినుంచి నీళ్ళలో కరగని కొత్త పదార్థం పుట్టుకొస్తుంది. తేటగా ఉన్న నీళ్ళు చూస్తుండగానే మసకబారి, ముద్ద కట్టి, ఆ ముద్ద మెల్లిగా అడుక్కు దిగుతుంది. ఇట్లా పుట్టి దిగేదాన్ని అవక్షేపం అంటారు.

మీలో రైతుబిడ్డలు ఉంటే ఈ వింతను తోటలోనే చూసి ఉంటారు. మా నల్లగొండ జిల్లాలో బత్తాయితోటలు ఎక్కువ. చెట్లకు తెగులు సోకకుండా రైతులు బోర్డో మిశ్రమం చల్లుతారు. ఇది ఫ్రాన్సు దేశంలో పుట్టిన మందు. బోర్డో అన్న ఊరి దగ్గర ద్రాక్షతోటలను కాపాడటానికి మియార్దే అనే శాస్త్రజ్ఞుడు దీన్ని 1885లో లోకానికి వెల్లడి చేశాడు. ఒక కిలో మైలుతుత్తం 50 లీటర్ల నీళ్ళలో కరిగిస్తారు. అది నీలంగా, తేటగా ఉంటుంది. వేరే తొట్టిలో ఒక కిలో సున్నం 50 లీటర్ల నీళ్ళలో కలుపుతారు. రెంటినీ కలిపేసరికి ఆకాశంరంగు ముద్ద తయారవుతుంది. అదే అవక్షేపం. (మైలుతుత్తం విషం. పెద్దవాళ్ళు కలిపేటప్పుడు దూరంగా నిలబడి చూడండి. చేయి పెట్టకండి.)

ఏం జరిగింది? మైలుతుత్తం అసలు పేరు కాపర్ సల్ఫేట్. అంటే అందులో రాగి ఒక భాగం, సల్ఫేట్ ఒక భాగం. తడి సున్నం అసలు పేరు కాల్షియం హైడ్రాక్సైడ్. ఇందులోనూ రెండు భాగాలున్నాయి. మన పల్లెల్లో కుండమార్పు సంబంధాలని ఉంటాయి, ఎరుగుదురా? ఈ ఇంటి పిల్లను ఆ ఇంటికిస్తారు, ఆ ఇంటి పిల్లను ఈ ఇంటికి తెచ్చుకుంటారు. ఇక్కడా అదే జరిగింది. రాగి వెళ్ళి హైడ్రాక్సైడ్‌తో జత కట్టింది. కాల్షియం వెళ్ళి సల్ఫేట్‌తో జత కట్టింది. మీ పాఠ్యపుస్తకంలో దీన్నే ద్వంద్వ వియోగం అంటారు.

కాపర్ సల్ఫేట్ + కాల్షియం (హైడ్రాక్సైడ్)₂ → కాపర్ (హైడ్రాక్సైడ్)₂ ↓ + కాల్షియం సల్ఫేట్

బాణానికి ఎడమవైపున కలిపినవీ, కుడివైపున పుట్టినవీ రాశాను. కిందికి చూసే బాణం గుర్తు అవక్షేపానిది. (నిజానికి ఆ నీలిముద్ద ఇంతకంటే కొంచెం చిక్కైన పదార్థమే. బడిలెక్కకు మాత్రం ఇది చాలు.) మీ పుస్తకంలో ఈ పేర్లకు బదులు ఇంగ్లీషు అక్షరాలతో సంకేతాలు ఉంటాయి. నేను పేర్లతోనే రాస్తాను. లెక్క మాత్రం ఒకటే.

చేతుల లెక్క

హైడ్రాక్సైడ్ పక్కన ఆ చిన్న 2 ఎందుకు వచ్చిందని మీరు అడగవచ్చు. అడగాలి కూడా.

ఒక్కొక్కదానికి ఇన్ని చేతులని ఉన్నాయనుకోండి. సోడియానికి ఒకటి. హైడ్రాక్సైడ్‌కు ఒకటి. ఫ్లోరైడ్‌కు ఒకటి. రాగికి రెండు, కాల్షియానికి రెండు, సల్ఫేట్‌కు రెండు. అల్యూమినియానికి మూడు. పెద్దవాళ్ళు దీన్ని సంయోజకత అంటారు. జత కట్టినప్పుడు ఏ చెయ్యీ ఖాళీగా ఉండకూడదు. కాల్షియానికి రెండు చేతులు గనక, ఒంటిచేతి హైడ్రాక్సైడ్లు రెండు కావాలి. అందుకని కాల్షియం (హైడ్రాక్సైడ్)₂. కాల్షియానికీ సల్ఫేట్‌కూ చెరి రెండు చేతులు గనక, ఒకదానికి ఒకటి చాలు.

మరి అల్యూమినియం, సల్ఫేట్ కలిస్తే? ఒకదానికి మూడు, మరొకదానికి రెండు. రెండు అల్యూమినియాలు తెస్తే ఆరు చేతులు, మూడు సల్ఫేట్లు తెస్తే ఆరు చేతులు. సరిపోయింది. కాబట్టి అల్యూమినియం₂ (సల్ఫేట్)₃. నీటిశుద్ధి కేంద్రాల్లో పటిక అని వాడేది ముఖ్యంగా ఇదే.

ఇక్కడ ఒక కట్టుబాటు ఉన్నది. చేతుల లెక్క ప్రకారం ఒకసారి చిన్న అంకెలు రాశాక, వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. అవి మన సొత్తు కావు, ప్రకృతివి. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటవి. లెక్క కుదరలేదని ఆక్సిజన్ పక్కన ఒక చిన్న 2 తగిలించారనుకోండి. అది నీళ్ళు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్! డాక్టర్లు పుళ్ళు కడగటానికి వాడేది. దాహం వేసినవాడికి అది ఇస్తారా?

మనం మార్చదగినవి పేరుకు ముందు వేసే పెద్ద అంకెలు మాత్రమే. గోడ కట్టేటప్పుడు ఇటుకలు చాలకపోతే ఏం చేస్తాం? ఇంకా ఇటుకలు తెప్పిస్తాం. అంతేగాని ఉన్న ఇటుకలను సాగదియ్యం గదా! రెండువైపులా అన్నీ సరిపడేటట్లు ముందు అంకెలు వెయ్యటాన్నే సమీకరణాన్ని తుల్యం చేయడం అంటారు.

జమాఖర్చుల మనిషి

ఇట్లా సరిపడి తీరాలని ఎవరన్నారు? ఫ్రాన్సు దేశపు లావోయిజే అన్న మహానుభావుడు. ఆయన పన్నులు వసూలు చేసే సంస్థలో భాగస్వామి. జమాఖర్చు ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ప్రయోగశాలలోనూ ఆయన అదే చేశాడు. కలిపేముందు తూచాడు, కలిపిన తరవాత తూచాడు. ఏదైనా తూకం తగ్గితే, ఏ గాలి రూపంలో తప్పించుకుపోయిందో వెతికి పట్టుకున్నాడు. 1789లో అచ్చయిన తన పుస్తకంలో, రసాయనచర్యకు ముందు ఎంత పదార్థం ఉన్నదో తరవాతా అంతే ఉంటుందని స్పష్టంగా చెప్పాడు. ఆ పన్నుల ఉద్యోగమే చివరకు ఆయన ప్రాణం తీసింది. ఫ్రెంచి విప్లవంలో, 1794లో ఆయనకు మరణశిక్ష వేశారు. ఆయన లెక్క మాత్రం నిలిచిపోయింది.

మా బడిలో బకెట్లు

ఇప్పుడు నా కథకు వస్తాను. నేను కొత్తగా సైన్సు మాష్టారినైన రోజులవి, 1980 తరవాత కొన్నేళ్ళకు. నల్లగొండ జిల్లాలోనే ఏటికి దూరంగా, మెట్టప్రాంతంలో ఉన్న ఒక పల్లె బడిలో వేశారు. మొదటిరోజు తరగతిలోకి వెళ్ళి, "నవ్వండి, చూస్తాను" అన్నాను. పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. వాళ్ళ పళ్ళమీద గోధుమరంగు చారలున్నాయి.

అది వాళ్ళు పళ్ళు తోమకపోవటం వల్ల వచ్చింది కాదు. అక్కడి నేలలోని రాళ్ళనుంచి ఫ్లోరైడ్ అనేది భూమిలోపలి నీళ్ళలోకి దిగుతుంది. కాస్తయితే పళ్ళకు మేలే. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలి. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అది దాటిన నీళ్ళు ఏళ్ళతరబడి తాగితే ముందు పళ్ళు గారపడతాయి. ఇంకా ఎక్కువయితే ఎముకలు బిగుసుకుని, నడుము వంగిపోతుంది. ఈ జబ్బు మన దేశంలో ఉన్నదని 1937లో వైద్యులు లోకానికి తెలిపింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసే. నల్లగొండ జిల్లా సంగతి 1955లో ఇంగ్లండులోని పెద్ద వైద్యపత్రికకు ఎక్కింది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నీళ్ళు కాచినా పోదు. కాస్తే నీళ్ళు ఇగిరి, మిగిలిన నీళ్ళలో అది ఇంకా చిక్కబడుతుంది.

దీనికి నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవాళ్ళు 1975లో ఒక ఉపాయం చెప్పారు. దాని పేరే "నల్లగొండ పద్ధతి". ఇప్పటికీ ఇతర దేశాల పుస్తకాల్లో మా జిల్లా పేరు ఆ పద్ధతివల్ల కనపడుతుంది. అందులో వాడే సరుకులు మా నాయనమ్మకూ తెలిసినవే: పటిక, సున్నం. క్రిములు చావటానికి కాస్త బ్లీచింగు పొడి కూడా వేస్తారు. ఏవి ఎంత వెయ్యాలో నీళ్ళను పరీక్ష చేసి చెబుతారు. ముందు గబగబా కలిపి, తరవాత పది నిమిషాలు మెల్లిగా తిప్పి, గంటసేపు కదపకుండా ఉంచాలి. దూదిపింజల్లాంటి తెల్లని ముద్దలు పుట్టి, ఫ్లోరైడ్‌ను తమకు అంటించుకుని అడుక్కు దిగుతాయి. బకెట్‌కు అడుగునుంచి రెండంగుళాల ఎత్తున కుళాయి ఉంటుంది. పైతేట దానిగుండా వస్తుంది.

మా బడిలో అటువంటి 40 లీటర్ల బకెట్లు ఐదు పెట్టాం. నేను చాలా గర్వపడ్డాను. పిల్లలచేత ఆ పటిక లెక్కే చేయించాలని ఒకనాడు నల్లబల్లమీద ఇట్లా రాశాను:

అల్యూమినియం₂ (సల్ఫేట్)₃ + కాల్షియం (హైడ్రాక్సైడ్)₂ → అల్యూమినియం (హైడ్రాక్సైడ్)₃ ↓ + కాల్షియం సల్ఫేట్

"ఇది సరిగా ఉన్నదా?" అన్నాను.

"ఉంది సార్" అన్నారందరూ. తూకాలు కట్టి చూడమన్నాను. పరమాణుభారాలు తీసుకుని లెక్క కడితే, పటిక ఒక పాలు 342, సున్నం ఒక పాలు 74. కలిపితే 416 గ్రాములనుకోండి. కుడివైపున అల్యూమినియం హైడ్రాక్సైడ్ 78, కాల్షియం సల్ఫేట్ 136. మొత్తం 214. తరగతి నిశ్శబ్దమయిపోయింది.

"202 గ్రాములు ఎవరు తిన్నారు?" అన్నాను. అందరూ నవ్వారు.

ఒక కుర్రవాడు గబగబా వచ్చి కుడివైపున అల్యూమినియం పక్కన చిన్న 2 తగిలించబోయాడు. వాడి చెయ్యి పట్టుకున్నాను. "చిన్న అంకెలు ఎవరివి?" అంటే, "ప్రకృతివి సార్" అన్నాడు, నాలుక కరుచుకుని. అప్పుడు అందరం కలిసి మెట్టుమెట్టుగా చేశాం. మీరూ కాగితం తీసుకుని చేయండి.

మొదటి మెట్టు: అన్నిటికంటె చిక్కైన పేరుతో మొదలుపెట్టాలి. ఎడమవైపు పటికలో అల్యూమినియాలు 2. కుడివైపున 1. అందుచేత కుడివైపు అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముందు 2 వేశాం.

రెండో మెట్టు: ఇప్పుడు కుడివైపున హైడ్రాక్సైడ్లు రెండు మూళ్ళు, 6. అవి ఎక్కడినుంచి రావాలి? సున్నంనుంచి. సున్నం ఒకదానిలో 2 ఉన్నాయి గనక సున్నం ముందు 3 వేశాం.

మూడో మెట్టు: సున్నం 3 అయ్యేసరికి కాల్షియాలు 3 వచ్చాయి. కాబట్టి కుడివైపు కాల్షియం సల్ఫేట్ ముందు 3.

నాలుగో మెట్టు, సరిచూసుకోవటం: సల్ఫేట్లు ఎడమవైపు 3, కుడివైపు 3. మనం ఏమీ చేయకుండానే అవి సరిపోయాయి! లెక్క సరిగా వచ్చిందనటానికి ఇదే గుర్తు.

అల్యూమినియం₂ (సల్ఫేట్)₃ + 3 కాల్షియం (హైడ్రాక్సైడ్)₂ → 2 అల్యూమినియం (హైడ్రాక్సైడ్)₃ ↓ + 3 కాల్షియం సల్ఫేట్

హైడ్రాక్సైడ్, సల్ఫేట్‌లను పరమాణువులుగా చీల్చకుండా ఒక్కొక్క కట్టగా లెక్కపెట్టామని గమనించారా? కట్ట విడిపోకుండా ఇటునుంచి అటు పోయినప్పుడు ఇట్లా చేస్తే పని సులువు.

మళ్ళీ తూకాలు కట్టాం. ఎడమవైపు 342కు మూడు 74లు, అంటే 222 కలిపితే 564. కుడివైపు రెండు 78లు 156, మూడు 136లు 408, కలిపితే 564. ఒక్క గ్రాము తేడా లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. "చూశారా! ఏదీ మాయం కాదు. ఏదీ కొత్తగా పుట్టదు. చోటు మారుతుంది, జత మారుతుంది, అంతే" అన్నాను. పాఠం అయిపోయిందనుకుని సుద్దముక్క కింద పెట్టాను.

ఒక ప్రశ్న

అప్పుడు వెనకబల్లమీదనుంచి ఒక అమ్మాయి లేచింది. ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు.

"సార్, ఏదీ మాయం కాదంటిరి గదా. మరి నీళ్ళల్ల ఉన్న ఫ్లోరైడు యాడికి పోయింది?"

"మంచి ప్రశ్న. ఆ తెల్లని పింజలకు అంటుకుని మడ్డిలోకి పోయిందమ్మా" అన్నాను.

"మడ్డి యాడికి పోయింది సార్?"

నాకు జవాబు రాలేదు. రాలేదనటం కూడా పూర్తి నిజం కాదు. జవాబు నాకు తెలుసు, కాని నోటివెంట రాలేదు. ఎందుకంటే మా అటెండరు రోజూ సాయంత్రం ఆ బకెట్లు కడిగి, మడ్డినంతా బడి బోరింగు పక్కనే కుమ్మరించేవాడు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఎక్కడ పోయాలో అతనికి నేను ఎన్నడూ చెప్పలేదు.

"రేపు చెబుతా, కూచో" అన్నాను, కొంచెం కటువుగానే. ఆ పిల్ల తల వంచుకుని కూచున్నది.

ఆ రాత్రి ఇంటిదగ్గర లెక్క వేశాను. మా బోరింగు నీళ్ళలో లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నదని పరీక్షలో తేలింది. శుద్ధి చేశాక 1 మిగిలిందనుకుందాం. అంటే లీటరుకు 3 మిల్లీగ్రాములు మడ్డిలోకి పోతుంది. ఐదు బకెట్లు, 200 లీటర్లు. రోజుకు 600 మిల్లీగ్రాములు. బడి సుమారు 200 రోజులు నడుస్తుంది. ఏడాదికి 120 గ్రాములు! పైకి తోడుకున్న నీళ్ళలోనుంచి కష్టపడి తీసిన దాన్ని, తీసిన చోటే మళ్ళీ పోస్తున్నాం. వానకు అందులో కొంత తిరిగి కరిగి నేలలోకి దిగవచ్చు. నల్లబల్లమీద నా సమీకరణం తుల్యమయింది. నా బడి ఆవరణలో కాలేదు.

మర్నాడు తరగతిలో ఆ లెక్క అంతా నల్లబల్లమీద రాశాను. "నిన్న ఈ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. నాకు కోపం వచ్చింది ఆమెమీద కాదు, నామీద. తప్పు నాది" అని చెప్పాను. మాష్టారు తప్పు ఒప్పుకోవటం వాళ్ళకు కొత్త. ఎవరూ నవ్వలేదు. ఆ వారంలోనే బోరింగుకు దూరంగా, పల్లానికి, ఒక గుంట తవ్వించి, అడుగునా పక్కలా సిమెంటు పూయించి, వానపడకుండా రేకు కప్పాం. మడ్డి అందులో పోయటం, నెలకోసారి నీటిపారీక్ష చేయించటం ఆ తరగతి పిల్లలే చూసుకున్నారు. గుంట మూత తాళంచెవి ఆ అమ్మాయి దగ్గర ఉండేది.

సమీకరణం చెప్పేదీ, చెప్పనిదీ

తరవాత ఆ పిల్లలు ప్రశ్నలు అడగటం మరిగారు. అది నాకు మేలే అయింది. రెండు ప్రశ్నలు మీకూ చెబుతాను.

"సార్, పటిక లేకుండా సున్నం ఒక్కటే వేస్తే?" అని ఒకరు. సమీకరణం చక్కగానే వస్తుంది:

కాల్షియం (హైడ్రాక్సైడ్)₂ + 2 సోడియం ఫ్లోరైడ్ → కాల్షియం (ఫ్లోరైడ్)₂ ↓ + 2 సోడియం హైడ్రాక్సైడ్

కాగితంమీద తుల్యమయింది. కాని నీళ్ళు ఒప్పుకోవాలి గదా! అవక్షేపం అంటే బొత్తిగా కరగనిదని కాదు, చాలా కొద్దిగా కరిగేదని. కాల్షియం ఫ్లోరైడ్ లీటరు నీటిలో సుమారు 16 మిల్లీగ్రాములు కరుగుతుంది. అందులో ఫ్లోరైడ్ పాలు దాదాపు 8. మా బోరింగులో ఉన్నదే 4! సున్నం మరీ ఎక్కువ పోస్తే ఇంకొంత తగ్గవచ్చుగాని, ఆ నీళ్ళకు నోరు పొక్కుతుంది. ఎన్నిటికి ఎన్ని కలుస్తాయో సమీకరణం చెబుతుంది. ఎంతవరకూ కలుస్తాయో చెప్పదు. అది నీళ్ళను పరీక్ష చేసి తెలుసుకోవాలి.

"సార్, మన లెక్కలో పటిక ఒకటికి సున్నం మూడు గదా. బకెట్‌లో సున్నం చిటికెడే ఎందుకు వేస్తం?" అని ఇంకొకరు. మొదటి సంగతి, ముందు వేసే అంకెలు కిలోలు కావు, అవి అణువుల లెక్క. తూకంలో చూస్తే 342కు 222. అయినా ఆ పద్ధతిలో వాడే సున్నం పటికలో ఇరవయ్యో వంతే. కారణం ఏమిటంటే, మా బావినీళ్ళలో సహజంగానే బైకార్బొనేట్లనేవి కరిగి ఉన్నాయి. పటికనుంచి పింజలు పుట్టించే పని చాలావరకు అవే చేస్తాయి. సున్నం లోటు పూడ్చటానికి మాత్రమే. మా నాయనమ్మ సున్నం లేకుండా ఒట్టి పటిక తిప్పినా ఏటినీళ్ళు తేరుకున్నది ఇందువల్లనే! పటిక "కరిగిపోవటం" కథలో సగమే. కరిగిన తరవాత అది కరగని పింజలుగా మారి, బురదను కట్టుకుని, బిందె అడుగున కూచున్నది. నేను రోజూ తోటకూరమడిలో పారబోసిన ఆ మడ్డిలో పటిక ఉన్నది.

మరొక చిన్న సంగతి. కాల్షియం సల్ఫేట్ పక్కన కిందిబాణం ఎందుకు వెయ్యలేదని మీకు తోచిందా? అది కొంచెం కరిగేదే. బకెట్‌లో ఉండేంత కొద్దిపాలు నీళ్ళలోనే కరిగి ఉండిపోతుంది.

ఇప్పుడు నల్లగొండ పల్లెలకు గొట్టాలద్వారా కృష్ణ నీళ్ళు వస్తున్నాయి. తెలంగాణాలో ఇంటింటికీ నీళ్ళిచ్చే పథకం, మిషన్ భగీరథ, 2016లో మొదలయింది. ఆమధ్య ఆ వూరు వెళితే కొత్త పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వారు. ఆ పాత గుంట పూడిపోయి, మీద తుమ్మమొక్క మొలిచింది. నాకు మాత్రం సమీకరణం తుల్యం చేసిన ప్రతిసారీ ఆ రెండో ప్రశ్న వినపడుతూనే ఉంటుంది. మీరూ వినండి. బాణానికి రెండువైపులా అంకెలు సరిపోయాక, కలం కింద పెట్టేముందు, "మరి మడ్డి యాడికి పోయింది?" అని ఒకసారి అడగండి.

మీరు చేసి చూడండి

ఈ మూడూ అవక్షేపాల లెక్కలే. పేర్లముందు తగిన అంకెలు వెయ్యండి. చిన్న అంకెలు ముట్టుకోకండి!

1. సిల్వర్ నైట్రేట్ + కాల్షియం (క్లోరైడ్)₂ → సిల్వర్ క్లోరైడ్ ↓ + కాల్షియం (నైట్రేట్)₂

2. ఇనుము (క్లోరైడ్)₃ + సోడియం హైడ్రాక్సైడ్ → ఇనుము (హైడ్రాక్సైడ్)₃ ↓ + సోడియం క్లోరైడ్

3. కాల్షియం (క్లోరైడ్)₂ + సోడియం₃ ఫాస్ఫేట్ → కాల్షియం₃ (ఫాస్ఫేట్)₂ ↓ + సోడియం క్లోరైడ్

జవాబులు, వరసగా ముందు వేయవలసిన అంకెలు: మొదటిదానికి 2, 1, 2, 1. రెండోదానికి 1, 3, 1, 3. మూడోదానికి 3, 2, 1, 6. మూడోది ఒక్కసారిగా రాకపోతే దిగులుపడకండి. చిక్కైన పేరుతో మొదలుపెట్టి మళ్ళీ చేయండి, వచ్చి తీరుతుంది.